అప్‌డేట్: చెల్లి ఎమ్మెస్సీ ఖర్చుల సంగతి

ఉస్మానియాలో చెల్లికి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటొచ్చింది, డబ్బులెలా అని అడిగాను కదా. మీరు చెప్పినవన్నీ కనుక్కున్నాం.

ఇన్‌స్పైర్ (సైన్స్ చదివేవాళ్లకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) అంటే ఏడాదికి 80,000 అని ఆశపడ్డాం గానీ, అది ఇంటర్ అవ్వగానే డిగ్రీలో చేరినప్పుడే పెట్టుకోవాలట. యూజీసీ పీజీ స్కాలర్‌షిప్ నయం: నెలకు 15,000, ఏడాదికి పది నెలలు. పెట్టాల్సింది మాత్రం ఫస్టియర్‌లోనే, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఈపాస్ (రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) దగ్గర పేరు తంటా. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే! ముందు అది సరిచేయించాం. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో తీసుకున్నాం. హాజరు 75 శాతానికి తగ్గకూడదని చెల్లికి రోజూ నూరిపోస్తున్నా.

పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర పథకం కింద వచ్చే చదువు లోన్‌కి తాకట్టు, హామీదారు అక్కర్లేదు. కానీ అప్పు మాటెత్తితే నాన్న లేచి వెళ్లిపోతున్నారు.