దిండు దగ్గర 12 మిల్లీగాస్: న్యూట్రల్ ఎక్కడ కలిసిందో కనిపెట్టేదెలా?

దిండు దగ్గర, గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో, గాస్ మీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) 12 మిల్లీగాస్ చూపిస్తోంది, మీటరు దూరంలో 4 లోపే. వైఫై ఆపినా తేడా లేదు. ఉండదు కూడా, ఇది 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం (అల్యూమినియం ఫాయిల్ అతికించమనే సలహా దయచేసి వద్దు). మంచం జరపడం తేలికే, కానీ తప్పు వైరింగ్‌లో ఉన్నట్టుంది.

ఆ గది సర్క్యూట్ ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి క్లాంప్ మీటర్‌లో (వైర్ల చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెడితే, వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు రద్దయి సున్నా రావాలి, కానీ 1.8 ఆంపియర్లు వస్తోంది. మెయిన్ దగ్గర మాత్రం సున్నానే. అంటే ఎర్త్‌కి లీకేజీ కాదు, వేరే సర్క్యూట్ న్యూట్రల్‌తో ఎక్కడో కలిసినట్టే. ఆర్‌సీసీబీ (వెళ్లే, తిరిగొచ్చే కరెంట్లలో తేడా వస్తే ట్రిప్ అయ్యేది) ఒక్కటే, అదీ మెయిన్‌లో, అందుకే ట్రిప్ కావట్లేదు.

మెయిన్ ఆపి, ప్లగ్గులన్నీ పీకి, న్యూట్రల్ లింక్‌లోంచి (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) వైర్లు ఒక్కొక్కటే విప్పి, ఏ రెండు ఇంకా కలిసి ఉన్నాయో కంటిన్యుటీ చూడటం తప్ప తేలిక దారి ఉందా? మెట్ల టూ-వే లైటు (కింద, పైన రెండు స్విచ్‌లున్నది) న్యూట్రల్ వేరే సర్క్యూట్‌తో కలిసిందేమో అనుకున్నా, అది ఇంత కరెంటు లాగదు కదా, మరి ఏ జంక్షన్ బాక్సు ముందు తెరవాలి?