సమస్య: ‘ముక్కు మూయఁగానె మూల్గి లేచె’

నిర్వాహకుడు: ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. ఛందస్సు ఆటవెలది. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగింది. హైదరాబాద్-బెజవాడ జాతీయ రహదారి నంబరు 9 పోయి 65 అయింది, చాలా ఊళ్లను తప్పించుకుని సాగుతోంది. నార్కట్‌పల్లి, కోదాడ బజార్ల మధ్య నుంచి పాత కార్లలో వెళ్లినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. వాళ్ల పద్యాలు ప్రత్యేకంగా కావాలి.

బర్కత్‌పుర సభ్యుడు:
మంచు కురియు వేళ మా యింటి ముంగిట
తాతగారి బండి దగ్గి యాగె
చోకు లాగి రాడ్డు జోరుగాఁ ద్రిప్పఁగా
ముక్కు మూయఁగానె మూల్గి లేచె

నిర్వాహకుడు: శభాష్! చోక్ లాగితే, గాలీ పెట్రోలూ కలిసే కార్బురేటర్‌లోకి గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది; అంటే బండి ముక్కు మూసినట్టే. చలికి బిగిసిన ఇంజన్‌కు కావలసింది అదే. సమస్య చక్కగా విడింది. ‘దగ్గి యాగె’ దగ్గర ఆ చప్పుడే వినిపించింది.

మలక్‌పేట సభ్యుడు:
సూర్యపేట దాటి సుర్రను నెండలో
ఆవిరెగసి కారు యాగిపోయె
బాట పక్క నాన్న పట్టి చోకును లాగ
ముక్కు మూయఁగానె మూల్గి లేచె

నిర్వాహకుడు: మొదటి పాదం నడక బాగుంది. ‘కారు యాగి’ మాత్రం కుదరదు, ఉత్వసంధి వల్ల ‘కారాగి’ అవుతుంది. ‘బండి యాగిపోయె’ అనండి.

సైదాబాద్ సభ్యుడు (పాత మెకానిక్): సంధి సరే సార్, బండి సంగతి చూడండి. ఆవిరి లేచిందంటే రేడియేటర్ మరిగినట్టు. వేడి ఇంజన్‌కు చోక్ లాగితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి, ఇక అస్సలు లేవదు. బానెట్ ఎత్తి చల్లారనివ్వాలి. రేడియేటర్ మూత వెంటనే తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లం. బండి నడిపినవాడు ఈ పద్యం ఒప్పుకోడు.

తార్నాక సభ్యురాలు:
వెనక సీటులోన వీడని నిద్రలో
తమ్ముడుండె; కృష్ణ దరికిఁ జేర
నీరు చూడుమనుచు నే రెండు వేళ్ళతో
ముక్కు మూయఁగానె మూల్గి లేచె

నిర్వాహకుడు: అమ్మా, చోక్ ఊసే లేకుండా పూరించారు! ‘నే రెండు వేళ్ళతో’ అన్న చోట అక్కాతమ్ముళ్లిద్దరూ కళ్లముందు నిలిచారు. మూడింటిలో నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

మలక్‌పేట సభ్యుడు: మెకానిక్ గారి మాట మీద వేళ మార్చాను. చివరి రెండు పాదాలు అలాగే ఉంచాను.
సూర్యపేటలోన సుప్రభాతపు వేళ
చల్లబడ్డ బండి జాగు సేయ

సైదాబాద్ సభ్యుడు: ఇప్పుడు లేస్తుంది అన్నా.