ల్యాప్‌టాప్‌లో తెలుగు పలకడం లేదు, ఫోన్‌లో పలుకుతోంది. లోపం ఎక్కడ?

అక్కయ్యపాలెం_కుర్రాడు:
నాకు చూపు లేదు. గ్రూప్ 2కి చదువుతున్నాను. ఒక కోచింగ్ సైట్‌లో తెలుగు నోట్సు ఉన్నాయి. ఫోన్‌లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ చక్కగా చదువుతోంది. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టి అదే పేజీ తెరిస్తే అంకెలు, ఇంగ్లీషు ముక్కలే వినిపిస్తున్నాయి. తెలుగు వాక్యం రాగానే నిశ్శబ్దం. క్రోమ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇంతే. రిజిస్ట్రేషన్ ఫారంలో ఇంకో ఇబ్బంది: ట్యాబ్ కొడుతుంటే పేరు తర్వాత నేరుగా పిన్‌కోడ్‌కి పోతోంది. మధ్యలో జిల్లా పెట్టె ఉందని మా తమ్ముడు చూసి చెప్పాడు. డాబాగార్డెన్స్‌లో ఒక షాపతను బ్రౌజర్ మార్చమంటున్నాడు. మార్చితే సరిపోతుందా?

రుషికొండ_టెస్టర్:
బ్రౌజర్ జోలికి పోకు తమ్ముడూ. నేనూ చూపు లేకుండా ఎన్‌వీడీఏతోనే ఉద్యోగం చేస్తున్నాను. పేజీలో ఏది శీర్షిక, ఏది బటన్, ఏది లింకు అన్నది బ్రౌజర్ స్క్రీన్ రీడర్‌కి అందిస్తుంది, అంతే. పలికేది గొంతు, అంటే రాతను మాటగా మార్చే సాఫ్ట్‌వేర్. రెండు బ్రౌజర్లలోనూ ఒకేచోట ఆగిందంటే సందేహం గొంతు మీదే. విండోస్‌తో పాటే వచ్చే వన్‌కోర్ గొంతుతో వాడుతున్నావనుకుంటా. అందులో ఇంగ్లీషు గొంతు ఒక్కటే ఉంటే తెలుగు అక్షరాలను దాటేస్తుంది. ఫోన్‌లో గూగుల్ తెలుగు గొంతు ఉంది కాబట్టి అక్కడ పలికింది.

కంట్రోల్, ఎన్‌వీడీఏ కీ, ఎస్ కలిపి నొక్కి ఈస్పీక్ ఎన్‌జీ అనే ఇంకో గొంతు ఎంచుకో. అందులో తెలుగు ఉంది. పలుకు కరుగ్గా ఉంటుంది, చెవికి అలవాటు కావాలి. కానీ వేగం బాగా పెంచినా మాట తెలుస్తుంది, పరీక్షలకు చదివేవాళ్లకి అదే కావాలి. స్పీచ్ సెట్టింగుల్లో భాష దానంతట అదే మారే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడు. అది పేజీ కోడ్‌లో రాసిన భాషను బట్టి మారుతుంది. తెలుగు పేజీ మీద ఇంగ్లీషని రాసి వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి చోట గొంతును నువ్వే తెలుగుకి మార్చుకోవాలి. పేజీ భాష సరిగ్గా రాయడం డబ్ల్యూసీఏజీలో (వెబ్‌సైట్లు వికలాంగులకూ అందేలా ఉండాలని చెప్పే నియమావళిలో) అట్టడుగు ‘ఏ’ స్థాయి నియమం. అది కూడా పాటించకపోతే నాకు కోపమొస్తుంది.

అక్కయ్యపాలెం_కుర్రాడు:
అక్కా, పలికింది! రాజ్యాంగం నోట్సు మొత్తం చదువుతోంది. జిల్లా పెట్టె మాత్రం ఇంకా దొరకలేదు.

మధురవాడ_డెవలపర్:
అది సైట్ కట్టినవాళ్ల పని. పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో సెలెక్ట్ అని ఎంపిక పెట్టె సిద్ధంగా ఉంది. అది వాడితే ట్యాబ్, బాణం కీలు వాటంతటవే వస్తాయి. అందం కోసం డివ్‌కి (ఏ పనీ చేయని ఉత్త డబ్బాకి) రంగులేసి మౌస్ క్లిక్ ఒక్కటే తగిలించి ఉంటారు. దానికి ఏరియా (ARIA) రోల్, అంటే ‘ఇది ఫలానా రకం పెట్టె’ అని స్క్రీన్ రీడర్‌కి చెప్పే గుర్తు, అతికించినా కీబోర్డ్ రాదు, ఆ కోడ్ విడిగా రాయాలి. ఈలోగా ట్యాబ్ వదిలేసి కింది బాణంతో ఒక్కో లైను దిగండి. ‘జిల్లా’ అని వినగానే ఎంటర్ కొట్టండి, తెరుచుకోవచ్చు.

రుషికొండ_టెస్టర్:
తెరుచుకున్నా ఊరుకోకు. వాళ్లకి మెయిల్ పెట్టు. ‘సైట్ పనిచేయట్లేదు’ అంటే ఎవరూ కదలరు. పేజీ చిరునామా, బ్రౌజర్, ఎన్‌వీడీఏ వెర్షన్లు, ఏ కీ నొక్కితే ఏం వినిపించిందో వరుసగా రాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం పేరు కూడా రాయి. పంపే ముందు ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.