రంగు కోసం రెట్టింపు ధరా? స్పెషల్ ఎడిషన్ కంట్రోలర్లపై మీ మాటేమిటి?

మియాపూర్_అన్నయ్య:
ఇంట్లో పంచాయితీ తెగట్లేదు, మీరే చెప్పండి. పీఎస్5కి (ప్లేస్టేషన్ 5 గేమ్ డబ్బా) రెండో కంట్రోలర్ కొనాలి. మామూలు నలుపుది చాలని నేను. ప్లేస్టేషన్‌కి ముప్ఫై ఏళ్ళు నిండాయని 2024 నవంబరులో బూడిద రంగులో వదిలిన డ్యుయల్‌సెన్సే (పీఎస్5 కంట్రోలర్ పేరు అది) కావాలని తమ్ముడు. మధ్యలో నాలుగు రంగుల పీఎస్ గుర్తు ఉంటుంది, అదే. షాపుల్లో దొరకట్లేదు. ఒకాయన దగ్గర సీల్ తీయని పెట్టె ఉందట, మామూలు దానికి రెట్టింపు అడుగుతున్నాడు. లోపల మోటార్లు అవే, స్టిక్కులు అవే, బ్యాటరీ అదే. ప్లాస్టిక్‌లో కలిపిన రంగుకి అంత డబ్బా అంటే, "నీకు టేస్ట్ లేదు" అంటాడు. ఎవరిది న్యాయం?

స్క్రూడ్రైవర్_బాబాయ్:
నీదే. పదేళ్ళుగా ఇవి విప్పి బిగిస్తున్నవాణ్ణి, చెబుతున్నా విను. స్టిక్ కింద చిన్న పొటెన్షియోమీటర్ ఉంటుంది. కార్బన్ పూత మీద లోహపు ముల్లు ఒకటి రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగిందా, నువ్వు ముట్టుకోకపోయినా బొమ్మ తెర మీద పక్కకి జారిపోతుంది. డ్రిఫ్ట్ అనేది దాన్నే. పై షెల్ తెలుపో, ఎరుపో, పండగ రంగో ఆ ముల్లుకి తెలియదు కదా! అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్కులకి ఈ అరుగుడు బాధ లేదు. 1998 నాటి సెగా వాళ్ళ గేమ్ డబ్బా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే అవి ఉన్నాయి. పెట్టే డబ్బేదో అలాంటి దాని మీద పెట్టు. మిగతాదంతా పైన పటారం, లోన లొటారం.

గాజువాక_గేమర్:
బాబాయ్, మీ లెక్క కరెక్టే కానీ సలహా ఇక్కడ అతకదు. పీసీ కోసం అమ్మే ఏదో ఒక హాల్ ఎఫెక్ట్ ప్యాడ్ తెచ్చి పెడితే పీఎస్5 గేమ్ దాన్ని ఒప్పుకోదు. పాత పీఎస్4 కంట్రోలర్ డ్యుయల్‌షాక్ 4తో కూడా అందులో పీఎస్4 గేమ్‌లే ఆడగలం. కాబట్టి అన్నయ్య ముందున్నది ఈ డ్యుయల్‌సెన్సా, ఆ డ్యుయల్‌సెన్సా అన్నదే.

ఇక రంగు దండగ అంటే ఒప్పుకోను. నలుగురం కూర్చుంటే సోఫా మీద నాలుగు నల్ల ప్యాడ్‌లు. "నాదేది? చార్జింగ్ అయిపోయింది నీదా నాదా?" ప్రతి ఆదివారం ఇదే గొడవ. నింటెండో 64 వచ్చిన 1996లోనే కంట్రోలర్లు బూడిద, నలుపు, ఎరుపు, పచ్చ, పసుపు, నీలం అని ఆరు రంగుల్లో వచ్చాయి. టీవీకి నలుగురు ఒకేసారి తగిలించి ఆడే డబ్బా మరి. డ్యుయల్‌షాక్ 4 వెనక లైటు కూడా ఇందుకే: మొదటివాడికి నీలం, తర్వాత ఎరుపు, పచ్చ, గులాబి.

ఇంకోటి. 2022లో గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ గేమ్ పేరుతో వచ్చిన డ్యుయల్‌సెన్స్ ఎడిషన్‌కి అమెరికాలో కంపెనీ పెట్టిన ధర 74.99 డాలర్లు. మామూలుది అప్పుడు 69.99. అంటే రంగుకీ బొమ్మకీ కలిపి కంపెనీ అడిగింది ఐదు డాలర్లు! రెట్టింపు అడిగేది మధ్యవాడు. పెద్ద హీరో సినిమా మొదటి రోజు బ్లాక్‌లో టికెట్ కొని, హాలు వాణ్ణి తిడితే ఏం లాభం?

ప్లేనో_పద్మ:
గాజువాక తమ్ముడూ, బ్లాక్ టికెట్ పోలిక బావుంది. కానీ సీట్లు తక్కువ వేసింది ఎవరు? ఆ ముప్ఫై ఏళ్ళ సెట్‌లో పీఎస్5 ప్రో బండిల్ ప్రపంచం మొత్తానికి 12,300. మొదటి ప్లేస్టేషన్ 1994 డిసెంబరు 3న వచ్చిందిగా, 12, 3, అందుకని ఆ అంకె. 2014లో ఇరవయ్యో ఏటి పీఎస్4కీ అదే అంకె వాడారు. చూడ్డానికి ముద్దుగా ఉంది, కొనడానికి మాత్రం లాటరీ. ప్రీ-ఆర్డర్ రోజు మావారూ నేనూ చెరో ల్యాప్‌టాప్ పట్టుకుని క్యూలో కూర్చున్నాం, వట్టి కంట్రోలర్ ఒకటి దొరికినా చాలనుకున్నాం. ఒక సైట్‌లో డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళి "స్టాక్ లేదు" అని వచ్చింది. మర్నాటికి అవే మూడు రెట్లకి అమ్మకానికి కనిపించాయి.

ఎక్స్‌బాక్స్ వాళ్ళు ఇంకో దారి చూపించారు కదా. 2016లో డిజైన్ ల్యాబ్ అని తెరిచారు. షెల్ ఒక రంగు, స్టిక్కులు ఒక రంగు, బటన్లు ఇంకో రంగు, మనమే ఎంచుకుంటే అలా చేసి పంపుతారు. అప్పట్లో 79.99, మామూలుది 59.99. ఇరవై డాలర్లు ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ ఎవడూ గుత్తగా కొని దాచలేడు. మావాడి పేరు చెక్కించిన కంట్రోలర్ ఎవడు బ్లాక్‌లో కొంటాడు?

పెట్టె_తెరవను:
మీరంతా దీన్ని వాడే వస్తువుగానే చూస్తున్నారు. నా దగ్గర పదకొండు ఉన్నాయి, ఎనిమిది సీల్‌తోనే. ఆ బూడిద రంగు మొదటి ప్లేస్టేషన్ రంగు. అది గుర్తుపట్టినవాడికే దాని విలువ. అందరికీ దొరికితే ఇక అందులో ఏముంది? పుర్రెకో బుద్ధి. నాకిది సంతోషం, ఎవరికీ నష్టం లేదు.

స్క్రూడ్రైవర్_బాబాయ్:
నష్టం నీకే నాయనా. డ్యుయల్‌సెన్స్‌లో 1,560 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీ ఉంటుంది. పెట్టెలో ఏళ్ళ తరబడి పడి ఉంటే చార్జ్ దానంతటదే దిగిపోతూ వస్తుంది. మరీ అడుక్కి పోతే ఆ బ్యాటరీ మళ్ళీ లేవకపోవచ్చు. మా అమ్మ పెళ్ళి పట్టుచీర కట్టకుండా బీరువాలో దాచింది. మడతలు మార్చలేదు. ముప్ఫై ఏళ్ళకి తీస్తే మడత మడతకీ చిరుగు. నీ ఎనిమిదిలో ఎన్ని బతికున్నాయో సీల్ తీస్తే కానీ తెలియదు, తీస్తే నీ ప్రాణం పోతుంది.

పెట్టె_తెరవను:
వాటిలో మూడు ఎక్స్‌బాక్స్‌వి బాబాయ్, ఒకటి 2021 నాటి ఇరవయ్యో ఏటి పారదర్శక నలుపు. వాటికి మామూలు పెన్సిల్ సెల్స్. కాబట్టి ఐదింటికే భయం. (రాత్రి నిద్ర చెడగొట్టారు, సంతోషమేనా?)

నిజాంపేట_నాని:
పక్కదారి మాట ఒకటి. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మీరంతా రంగులూ రంగులూ అంటుంటే నవ్వొస్తోంది. "పచ్చ బటన్ నొక్కరా" అని ఫ్రెండ్స్ అరిస్తే చిన్నప్పుడు ఏడుపొచ్చేది. పైగా కంపెనీకో లెక్క: ఎక్స్‌బాక్స్‌లో 'A' బటన్ పచ్చ, డ్రీమ్‌కాస్ట్‌లో ఎరుపు. ప్లేస్టేషన్‌కి సోనీ డిజైనర్ తెయ్యూ గోటో గీసిన త్రిభుజం, వృత్తం, క్రాస్, చదరం మాత్రం చూడగానే తెలుస్తాయి. డ్యుయల్‌సెన్స్‌లో ఆ గుర్తుల రంగులు తీసేస్తే జనం తిట్టుకున్నారు. నాకైతే తేడాయే తెలియలేదు. అన్నయ్యా, నలుపుది కొని దాని మీద ఒక స్టిక్కర్ అంటించండి. నేను అదే చేస్తా.

గాజువాక_గేమర్:
నాని అన్నా, ఈ కోణం నేనెప్పుడూ ఆలోచించలేదు.

తమ్ముడు_నేనే:
నేనే ఆ తమ్ముణ్ణి. అన్నయ్య అసలు సంగతి రాయలేదు కాబట్టి రాస్తున్నా. మా మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన పాత పీఎస్1 మా ఇంట్లో ఉండేది. బూడిద రంగుది. అప్పుడు నాకు ఐదేళ్ళు. రెండో కంట్రోలర్ నా చేతికిచ్చి "ఆ ఎర్ర కారు నువ్వే" అనేవాడు అన్నయ్య. ఏడాది పాటు ఆడాను. దాని వైరు డబ్బాకి తగిలించనే లేదని అమ్మ ఇల్లు ఊడుస్తూ చూసి చెప్పింది. ఇప్పుడైనా ఆ రంగుది ఒకటి నాది అని ఉండాలి. పెట్టెలో దాచను. ఆడతాను.

ప్లేనో_పద్మ:
అయ్యో! మియాపూర్ అన్నయ్యా, ఇక మీ వాదన మూసేయండి.

స్క్రూడ్రైవర్_బాబాయ్:
ఇందాక చెప్పిందంతా వెనక్కి తీసుకోను కానీ, బాకీ ఉన్నవాడు తీర్చాల్సిందే.

మియాపూర్_అన్నయ్య:
అందరి ముందూ పరువు తీశాడు. సరే, ఆదివారం ఆ పెట్టె ఆయన్ని కలుస్తాం. రెట్టింపు మాత్రం ఇవ్వను. బాబాయ్, కొనేముందు ఏం చూడాలి?

స్క్రూడ్రైవర్_బాబాయ్:
ల్యాప్‌టాప్, యూఎస్‌బీ-సి కేబుల్ పట్టుకెళ్ళు. అక్కడే సీల్ తీయించు. చార్జ్ ఎక్కుతోందో లేదో ఒక పావుగంట చూడు. తర్వాత స్టిక్కులు వదిలేసి, ల్యాప్‌టాప్ తెర మీద వాటి అంకెలు నడిమధ్య నిలుస్తున్నాయో లేదో చూడు. ట్రిగ్గర్లు రెండూ పూర్తిగా నొక్కు. అవన్నీ అయ్యాకే బేరం.

పెట్టె_తెరవను:
సీల్ తీశాక బేరమా? తీస్తే దాని రేటు సగానికి పడిపోతుందయ్యా!

తమ్ముడు_నేనే:
అందుకేనండీ.