ఇంగ్లీషు షిన్‌చాన్: డబ్బింగా, కొత్త సీరియలా?

హంగామా_బ్యాచ్:
చిన్నప్పుడు బడి నుంచి రాగానే తమ్ముడూ నేనూ హంగామా ఛానల్లో తెలుగు షిన్‌చాన్ పెట్టుకుని కూర్చునేవాళ్ళం, అదే, ఆ పేరున్న అల్లరి పిల్లాడి జపాన్ కార్టూన్. మొన్న అమెరికన్ కంపెనీ ఫ్యూనిమేషన్ వాళ్ళ ఇంగ్లీషు డబ్బింగ్ మొదటిసారి చూశాను, 2006లో అమెరికాలో, రాత్రిపూట పెద్దవాళ్ళ కార్యక్రమాలు వేసే అడల్ట్ స్విమ్‌లో వేసింది. చూస్తుంటే కడుపు మండింది.

షిన్‌చాన్ నేస్తం నెనె గుర్తుందా? వాళ్ళమ్మ నలుగురిలో మహా మర్యాదస్తురాలు. కోపమొస్తే మాత్రం చాటుకెళ్ళి బొమ్మ కుందేలుని పిడికిళ్ళతో కుమ్ముతుంది. కూతురు అది చూసి తనూ ఒక కుందేలుని చంకనేసుకుని తిరుగుతుంది, ఒళ్ళు మండినప్పుడు దాన్నే గుద్దుతుంది. తల్లిని చూసి పిల్ల ఏం నేర్చుకుంటుందో అదే అక్కడ నవ్వు. ఇంగ్లీషులో ఆ పిల్ల పెన్నీ అయింది. ఇంట్లో కొట్టుకునే సంసారం నుంచి వచ్చిన పిల్లగా మార్చేశారు. బొమ్మ అదే, కుందేలు అదే, గుద్దు అదే. పిల్ల మాత్రం వేరు. దీన్ని డబ్బింగ్ అని ఎలా అంటాం?

రాత్రిబండి:
మీ బాధ అర్థమైంది గానీ, షిన్‌చాన్ అసలు పిల్లల కోసం పుట్టిన కథ కాదండి. యొషితో ఉసుయి 1990లో మొదలుపెట్టింది వీక్లీ మాంగా యాక్షన్‌లో. అది పెద్దవాళ్ళు చదివే పత్రిక. టీవీకి వచ్చింది 1992లో. కాబట్టి రాత్రిపూట పెద్దవాళ్ళ కోసం వేయడం తప్పేం కాదు.

ఇక షిన్‌చాన్ స్నేహితుడు కజమా సంగతి చూడండి. జపనీస్‌లో వాడు ట్యూషన్లకి వెళ్ళే పిల్లాడు, మాటల మధ్య ఇంగ్లీషు ముక్కలు దొర్లిస్తాడు. గొప్పంతా అందులోనే. అందరూ ఇంగ్లీషే మాట్లాడే సీరియల్లో ఇంగ్లీషు ముక్కతో గొప్పలు పోవడం ఎలా కుదురుతుంది? అందుకే వాణ్ణి జార్జీ అని పిలిచి, అయిదేళ్ళకే రిపబ్లికన్ పార్టీ పాట పాడే బుడ్డోణ్ణి చేశారు. అమెరికా వాళ్ళకి ఆ బడాయి టక్కున తెలుస్తుంది. ఉన్నదున్నట్టు అనువదిస్తే వాడు ఉత్త మంచి బాలుడిగా మిగిలిపోయేవాడు.

మైకు_ముందు:
నేను తెలుగు డబ్బింగ్ స్క్రిప్టులు రాస్తాను, జపనీస్ నుంచి కాదు. మనుషులు నటించిన సినిమాకి రాసేటప్పుడు పెదాలు కలిసిన చోట ప, బ, మ పడేలా చూసుకోవాలి. దానికే సగం రోజు పోతుంది. ఇలాంటి కార్టూన్‌లో నోరు తెరుచుకోవడం, మూసుకోవడం, అంతే. ఏ మాటైనా పట్టేస్తుంది. రాసేవాడికి అంత స్వేచ్ఛ దొరకడం వల్లే ఈ గొడవంతా.

ఒక ఉదాహరణ చెప్తాను. జపాన్‌లో ఇంటికొచ్చినవాళ్ళు ‘తదైమా’ (వచ్చేశా) అనాలి, ఇంట్లో ఉన్నవాళ్ళు ‘ఒకాయెరి’ (వచ్చావా, రా) అనాలి. షిన్‌చాన్ బయటినుంచి వస్తూ తనే ‘ఒకాయెరి’ అంటాడు, తల్లి దిద్దుతుంది. ఇంగ్లీషులో అలా కట్టుబాటుగా వాడే జంట లేదు. మనకి బయల్దేరేటప్పుడు ‘వెళ్ళొస్తా’, ‘వెళ్ళిరా’ ఉన్నాయి, తిరిగొచ్చేటప్పుడు లేవు. నాకు ఆ సీను వస్తే, వాడి చేత గుమ్మంలో చెప్పులు విడుస్తూ ‘రండి రండి, లోపలికి రండి’ అనిపిస్తాను. మాటలు పూర్తిగా మారిపోయాయి, అయినా వాడు వాడే.

రాత్రిబండి:
అయితే మార్చొచ్చని మీరూ ఒప్పుకున్నట్టే కదా! ‘ఘోస్ట్ స్టోరీస్’ చూడండి. 2000లో జపాన్‌లో ఫ్యుజి టీవీలో వచ్చిన బడి దెయ్యాల కార్టూన్, 20 ఎపిసోడ్లు. 2005లో అమెరికన్ కంపెనీ ఏడీవీ వాళ్ళు ఇంగ్లీషు డబ్బింగ్‌లో డైలాగులన్నీ తిరగరాసి పచ్చి కామెడీ చేశారు. ఇవాళ్టికీ జనం తలుచుకునేది ఆ ఇంగ్లీషు వెర్షన్నే.

హంగామా_బ్యాచ్:
కజమా విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. ఇంగ్లీషు ముక్కల సంగతి నాకు తట్టనే లేదు. జార్జీ మారినా ఆ బడాయి వాడిదే. ‘ఘోస్ట్ స్టోరీస్’ మాత్రం దీనికి పోలిక కాదు. అది భయపెట్టడానికి తీసిన కథ, దానిమీద నవ్వుని కొత్తగా తెచ్చిపెట్టారు. షిన్‌చాన్‌లో నవ్వు ముందే ఉంది, ఆ ఇంటి మనుషుల్లోనే ఉంది. నెనె దగ్గర దాన్ని తీసేసి ఇంకోటి పెట్టారు.

మైకు_ముందు గారూ, మీ గుమ్మం సీనులో పిల్లాడు ఎందుకలా అంటాడో మీకు తెలుసు, అందుకే మాట మార్చినా నిలబడింది. పెన్నీని రాసినవాళ్ళకి నెనె ఎందుకు గుద్దుతుందో తెలియదని నేననను. తెలిసీ పక్కన పెట్టారు.

రాత్రిబండి గారూ, ఆ కుందేలు సీను ఒక్కసారి జపనీస్‌లో సబ్‌టైటిళ్ళు పెట్టుకుని చూడండి. కూతురు తనని చూసిందని తెలిసిన క్షణంలో ఆ తల్లి మొహం చూసి, అప్పుడు చెప్పండి.