అలర్జీ ఉన్న పిల్లవాడి గదిలో గాలి శుభ్రంగా ఉండాలంటే ఏం చేయాలి? కూలర్ ఉంచాలా, తీసేయాలా?

తడకలేరు_వాసి (అనంతపురం)
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా తెల్లవారుజామున నాలుగు గంటలకు వాడికి తుమ్ములు మొదలవుతున్నాయి, ఆరు గంటలకల్లా అవి ఆయాసంగా మారుతున్నాయి. చర్మంపై సూదితో గుచ్చి చేసిన పరీక్షలో వాడికి ఇంటి దుమ్ములో బతికే డస్ట్ మైట్లూ, వయ్యారిభామ పుప్పొడీ పడవని తేలింది. డాక్టరు గారు ఇన్‌హేలర్ రాసిచ్చి, పడకగదిలో గాలి శుభ్రంగా ఉండేలా చూసుకోమన్నారు. గది పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉంటుంది. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే ఎంత సామర్థ్యం ఉన్నది కొనాలి? కర్టెన్లు తీసేయాలా? గదిలో కుండీ మొక్కలు పెడితే ఉపయోగం ఉంటుందా? కిటికీకి బిగించిన కూలర్ రాత్రంతా నడుస్తుంది, దానివల్ల ఏమైనా ఇబ్బంది ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మిద్దెమీద_ఎండ (కడప)
ప్యూరిఫయర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు పరుపు సంగతి చూడండి. మా అమ్మాయికి కూడా మైట్లు పడవు. దేవుడు మన జిల్లాలకు వానలు తక్కువ ఇచ్చినా ఎండను మాత్రం ధారాళంగా ఇచ్చాడు, దాన్ని వాడుకోవాలి. మే నెలలో దూది పరుపులనూ దిండ్లనూ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు మిద్దె మీద నల్ల టార్పాలిన్ కప్పి ఉంచి, మధ్యలో ఒకసారి తిరగేస్తాను. ఆ వేడికి, ఆ పొడిదనానికి మైట్లు చచ్చిపోతాయి. అయితే అలర్జీ తెచ్చేది ప్రధానంగా వాటి మలంలోని ప్రోటీను కాబట్టి, పురుగు చచ్చినా అది పరుపులోనే ఉండిపోతుంది. అందుకే ఎండబెట్టాక పరుపును ఆరుబయటే బాగా దులపాలి, ఆ పని అలర్జీ ఉన్నవారు చేయకూడదు. దుప్పట్లనూ దిండుగలీబులనూ వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. గోరువెచ్చని నీళ్ళతో మైట్లు చావవు. మూడు వేసవులుగా ఈ పద్ధతి తప్పకుండా పాటిస్తున్నాము, పిల్ల రాత్రిళ్ళు నిద్రపోతోంది.

హంద్రీ_గట్టు (కర్నూలు)
మా ఇంటి కథ వేరు. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు మా కింది అంతస్తులో నీళ్ళు నిలబడ్డాయి. నీళ్ళు తీశాక గోడలు పూర్తిగా ఆరకముందే, పండుగకు ఇల్లు బాగుండాలని తొందరపడి పైన ఖరీదైన ఎమల్షన్ పెయింట్ వేయించాము. లోపలి తేమ బయటికి వచ్చే దారి లేక పెయింట్ పొక్కులుగా లేచింది, బీరువా వెనుక గోడంతా నల్లగా బూజు పట్టింది. మా నాన్నగారికి అరవై ఏళ్ళ వరకు లేని దగ్గు అప్పుడు పట్టుకుంది, ఆయన పోయేదాకా వదలలేదు. చివరకు ఆ పూతంతా గీకించి, గోడను ఒక వేసవి మొత్తం ఆరనిచ్చి, సున్నం కొట్టించాము. సున్నానికి ఉన్న క్షారగుణం వల్ల దానిపై బూజు తేలికగా పట్టదు, గోడ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. కాబట్టి అడిగినవారు ముందుగా బీరువాలను గోడ నుంచి జానెడు దూరం జరిపి, వెనుక టార్చిలైటు వేసి చూడండి. అక్కడ బూజు ఉంటే ఏ యంత్రం కొన్నా ఉపయోగం ఉండదు. ఇంకొక్క మాట, బూజు కడగడానికి బ్లీచింగ్ వాడేవారు దాన్ని బాత్రూం కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు. కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది.

బడిపంతులమ్మ (ప్రొద్దుటూరు)
కూలర్ తీసేయండి. ఇందులో ఆలోచించవలసినది ఏమీ లేదు. ఆ తడి గడ్డిలో బూజు, అడుగున నిలవ నీళ్ళు, ఆ వాసన, అదంతా పిల్లవాడి ముఖం మీదికే వస్తుంది. మేము కూలర్ తీసేసిన నెలకే మా పాపకు ఆయాసం పోయింది. దోమల చక్రాలు, అగరుబత్తీలు, సాంబ్రాణి కూడా మానేశాము. ఒక్క దోమల చక్రం కాలితే వచ్చే సన్నని పొగ రేణువుల బరువు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధనలో లెక్కగట్టారు. దోమతెర కట్టుకోవడానికి మనకేం కష్టం? ఇవన్నీ చేశాక ఇప్పుడు మా పాపకు ఇన్‌హేలర్ కూడా ఆపేశాము.

చల్లగాలి_పనివాడు (అనంతపురం)
పదిహేడేళ్ళుగా కూలర్లూ ఏసీలూ బాగుచేయడమే నా వృత్తి. ఒక్క వేసవిలో నేను విప్పే కూలర్లను పైన రాసినవారు జన్మలో చూసి ఉండరు, కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. కూలర్ బయటి పొడిగాలిని తడి ప్యాడ్ గుండా లాగి లోపలికి నెడుతుంది. అలా వచ్చిన గాలి ఎదురుగా ఉన్న కిటికీ గుండా బయటికి పోవాలి. మనవాళ్ళు చల్లదనం పోతుందని తలుపులూ కిటికీలూ బిగించుకుంటారు. అప్పుడు తేమ గదిలోనే పేరుకుంటుంది, ఒళ్ళు జిగటగా అవుతుంది, ఆ తప్పును కూలర్ మీదికి నెడతారు. ఎదురు కిటికీ తీసి ఉంచి, వారానికొకసారి ట్యాంకు ఖాళీ చేసి తోమి, సీజను మొదట్లో కొత్త ప్యాడ్ వేస్తే బూజు పట్టే అవకాశం బాగా తగ్గుతుంది. మన బోరు నీళ్ళకు ప్యాడ్ల మీద తెల్లగా పేరుకునేది ఉప్పు, దాన్ని చూసి కూడా బూజని భయపడతారు. ఇక మైట్ల మాట. వాటికి నెలల తరబడి తేమ కావాలి. కోస్తాలో వాటికి ఆ తేమ దొరుకుతుంది, అనంతపురం ఎండలో దొరకదు.

బడిపంతులమ్మ (ప్రొద్దుటూరు)
మీకు యంత్రం తెలుసు గానీ, రాత్రి రెండు గంటలకు ఊపిరి అందక కూర్చున్న బిడ్డ వీపు నిమరడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మైట్లు అనంతపురంలో బతకవని మీరు అంటున్నారు. మరి అనంతపురం పిల్లవాడికే పరీక్షలో మైట్లు పడవని వచ్చిందని మొదటి టపాలోనే ఉంది కదా, దాన్ని చదివారా?

చల్లగాలి_పనివాడు (అనంతపురం)
చదివాను, అమ్మా. పరుపు లోపల మనిషి చెమటా ఊపిరీ చేరి తేమ ఉంటుంది, అక్కడ అవి బతకవచ్చు. నేను చెప్పింది కూలర్ ఒక్కటే దోషి కాదని. మీరు ఒకే నెలలో కూలర్ తీసేశారు, దోమల చక్రం మానేశారు, సాంబ్రాణి మానేశారు. వీటిలో దేనివల్ల మేలు జరిగిందో మీకెలా తెలిసింది? ఏసీ కొనే స్తోమత లేని ఇంట్లో, 42 డిగ్రీల ఎండలో కూలర్ తీసేయమని చెప్పడం చాలా తేలిక.

హంద్రీ_గట్టు (కర్నూలు)
ఇద్దరూ శాంతించండి. ఇది మాటలతో తేలే విషయం కాదు. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు మూడు నాలుగు వందల రూపాయలకు దొరుకుతున్నాయి. గదిలో తేమ 50 శాతం లోపు నిలకడగా ఉంటే మైట్లు పెరగలేవు, అరవై దాటితే బూజుకు కూడా వీలు చిక్కుతుంది. తడకలేరు_వాసి గారూ, ఒక మీటర్ తెచ్చి కిటికీ మూసి ఒక రాత్రి, తెరిచి ఒక రాత్రి కూలర్ నడిపి, తెల్లవారుజామున నాలుగు గంటలకు అంకె చూసి రాయండి.

మందులషాపు_తమ్ముడు (కడప)
టీచరమ్మ గారూ, మీరంటే నాకు గౌరవమే. కానీ ఇన్‌హేలర్ ఆపేశామని మీరు రాసిన వాక్యం నన్ను కలవరపెట్టింది. డాక్టరు చెప్పి ఆపించారా, మీరే ఆపేశారా? రోజూ వాడే నివారణ ఇన్‌హేలర్ శ్వాసనాళాల లోపలి వాపును అదుపులో ఉంచుతుంది. బాగున్నట్లు కనిపిస్తోందని సొంతంగా మానేస్తే, కొన్ని వారాల తర్వాత ఒక్కసారిగా ఆయాసం ఎక్కువై అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది. అలా పరుగెత్తుకుంటూ వచ్చేవారిని మా షాపు గుమ్మం దగ్గర చూస్తూనే ఉన్నాను. ఇది చదివి ఇంకెవరైనా ఆపేస్తారేమోనని నా భయం.

బడిపంతులమ్మ (ప్రొద్దుటూరు)
డాక్టరు గారే మోతాదు తగ్గిస్తూ వచ్చి ఆపించారు. ఆ మాట రాయకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. ఎవరూ సొంతంగా ఆపవద్దు.

కణేకల్లు_చేను (అనంతపురం జిల్లా)
అందరూ పట్నం ఇళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా వైపు హగరి ఇసుక దిబ్బల నుంచి ఆషాఢం గాలికి లేచే ఇసుక మూసిన తలుపు సందుల్లోంచి కూడా వస్తుంది. పొద్దున ఊడ్చిన ఇంట్లో సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. నేను తెలుసుకున్నది రెండే విషయాలు. ఒకటి, పొడి చీపురుతో కసువు ఊడ్చితే నేల మీది దుమ్ము ముక్కులోకి చేరుతుంది, కాబట్టి ముందు తడిగుడ్డ పెట్టాలి. రెండు, పడమటి కిటికీలను గాలికాలంలో మూసేసి, తలుపు సందులకు రబ్బరు పట్టీ అంటించాలి. ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పడానికి మనసు నొచ్చుకుంటోంది. మేము ధర వచ్చేదాకా చెనిక్కాయల మూటలను పడుకునే ఇంట్లోనే పెట్టుకుంటాము. ఒక ఏడాది సరిగా ఆరని కాయలను పెట్టాము, వాటికి బూజు పట్టింది. మూట కదిలించినప్పుడల్లా మా చిన్నవాడికి ఎక్కిళ్ళు పెట్టేంత దగ్గు వచ్చేది. మూటలు వసారాలోకి మార్చాము, కొన్ని ఎలుకల పాలయ్యాయి, అయినా సరే మళ్ళీ ఇంట్లోకి తేలేదు.

తాడిపత్రి_నాపరాయి (తాడిపత్రి)
మా ఆయన బండలు కోసి పాలిష్ పట్టే పనిలో ఉన్నారు. ఆ రాతి పొడి ఆయన చొక్కా మీద, తలలో, బండి సీటు మీద కూర్చుని ఇంటికొస్తుంది. ఆయన వాకిట్లోనే బట్టలు మార్చుకుని స్నానం చేసి లోపలికి రావడం మొదలుపెట్టిన తర్వాతే మా ఇంట్లో గాలి మారింది. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకను, లోపల దులపను. సిమెంటు పనికీ కారం మిల్లుకీ వెళ్ళేవారు ఉన్న ఇళ్ళల్లో కూడా ఇలాగే చేయాలని నా మనవి.

మిద్దెమీద_ఎండ (కడప)
కారం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మా వంటగదిలో ఎండుమిరపకాయల తిరగమాత వేస్తే ఆ ఘాటు పడకగది దాకా వచ్చేది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా, దాన్ని పొగ వచ్చాక వేసేవాళ్ళం. ఇప్పుడు పొయ్యి వెలిగించే ముందే వేసి, వంట అయ్యాక పది నిమిషాలు ఉంచుతున్నాము. ఫ్యాన్ లాగాలంటే గాలి లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి కాబట్టి, వంటగది కిటికీ కొంచెం తీసి, లోపలి తలుపు మూస్తాము.

చల్లగాలి_పనివాడు (అనంతపురం)
అసలు ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు, కాబట్టి నేనే చెబుతాను. మీ గది 1440 ఘనపుటడుగులు, అంటే సుమారు 41 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి శుభ్రపడాలంటే గంటకు 200 ఘనపు మీటర్లకు తగ్గని సీఏడీఆర్ (యంత్రం గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే కొలత) ఉన్న ప్యూరిఫయర్ కావాలి. అంతకంటే కొంచెం పెద్దది కొని తక్కువ వేగంలో నడిపితే శబ్దం ఉండదు. ఫిల్టర్ అసలైన హెపా అయి ఉండాలి, అది 0.3 మైక్రాన్ కణాలను కూడా 99.97 శాతం పట్టుకుంటుంది. ఓజోన్ వదిలే రకం వద్దు, ఆ వాయువే ఊపిరితిత్తులను మండిస్తుంది. మన దగ్గరి దుమ్ముకు, ఫిల్టర్ ముందుండే జాలీని వారానికొకసారి శుభ్రం చేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. కూలర్ గంటకు రెండు మూడు వేల ఘనపు మీటర్ల బయటి గాలిని లోపలికి తోస్తుంది. దాని పక్కన 200 శుభ్రపరిచే యంత్రం పెడితే చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే. తడి ప్యాడ్ పెద్ద దుమ్మును ఆపుతుంది, సన్నని దుమ్మును ఆపలేదు. ప్యూరిఫయర్ కొంటే గది మూసి ఏసీతో వాడండి, కూలర్ వాడితే ప్యూరిఫయర్ డబ్బు మిగుల్చుకోండి.

బడిపంతులమ్మ (ప్రొద్దుటూరు)
ఈ లెక్క బాగుంది. మొదటే ఇలా చెప్పి ఉంటే మన మధ్య అంత మాట వచ్చేది కాదు. మొక్కల గురించి నేను చెబుతాను. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని చెప్పిన 1989 నాటి నాసా ప్రయోగం చిన్న మూసిన పెట్టెల్లో జరిగింది. మామూలు గదిలో బయటి గాలి రాకపోకలతో వచ్చేంత ఫలితం మొక్కలతో రావాలంటే ప్రతి చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో వెలువడిన సమీక్ష తేల్చింది. పైగా కుండీల్లోని తడిమట్టి బూజుకు ఇల్లు. మొక్కలను మిద్దె మీద పెంచండి.

మందులషాపు_తమ్ముడు (కడప)
వయ్యారిభామను అందరూ మరిచిపోయారు. వానలు పడ్డాక అది ఖాళీ జాగాల్లో మోకాళ్ళెత్తు పెరిగి తెల్లగా పూస్తుంది. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకించండి. ఆ రోజుల్లో అబ్బాయి బట్టలను ఆరుబయట తీగ మీద ఆరవేయకండి, పుప్పొడి బట్టలకు అంటుకుని పడక మీదికి వస్తుంది. ప్యూరిఫయర్‌తో గది మూసి పడుకునేవారు పగలు గాలి తక్కువ ఉన్న సమయంలో కాసేపు కిటికీలు తీయాలి. ముగ్గురు పడుకున్న మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, పొద్దున తల బరువుగా ఉంటుంది.

తడకలేరు_వాసి (అనంతపురం)
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీటర్ తెచ్చి మూడు రాత్రులు చూశాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు, కూలర్ నడుస్తూ కిటికీ మూసి ఉన్నప్పుడు 79 శాతం, ఎదురు కిటికీ తీసినప్పుడు 61, కూలర్ ఆపి ఫ్యాన్ మాత్రమే వేసినప్పుడు 44 చూపించింది. బీరువా వెనుక టార్చి వేసి చూస్తే అరచేతి వెడల్పున నల్లమచ్చ కనిపించింది. అది కూలర్ గాలి నేరుగా తగిలే గోడే. రెండేళ్ళుగా వాడి తల ఆ గోడ వైపే ఉంది, నాకు ఇంతకాలం తెలియలేదు. వాడి మంచాన్ని తూర్పు గదిలోకి మార్చాము, ఇవాళ గోడ గీకడానికి మనిషి వస్తున్నాడు. సున్నానికి ముందు గోడను ఎన్నాళ్ళు ఆరనివ్వాలో హంద్రీ_గట్టు గారు చెప్పగలరా? కర్టెన్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

హంద్రీ_గట్టు (కర్నూలు)
మీది వరద తడి కాదు కాబట్టి ఈ ఎండలో రెండు వారాలు చాలవచ్చు. గోడకు ఒక చదరపు అడుగు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో అంటించి, మర్నాడు తీసి చూడండి. లోపలివైపు చెమ్మ లేకపోతే సున్నం కొట్టించవచ్చు. కర్టెన్లు పలుచని నూలువైతే ఉంచుకుని, దుప్పట్లతో పాటు వేడినీళ్ళలో ఉతకండి. మందంగా ఉంటే తీసేయండి.