ప్రూఫ్ ఓకే అయ్యాక అక్షరాలు అలాగే ఉంచాలా, బొమ్మ చేసేయాలా?

మూడులాంతర్లు డీటీపీ, విజయనగరం:

మా షాపులో ఈ విషయం మీద వారం నుంచి గొడవ. పని తెలిసినవాళ్ళు చెప్పండి.

పెళ్ళి బ్యానరు, 10 బై 8. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపాం, అటునుంచి సరే అన్నారు. మా కుర్రాడు లేయర్లన్నీ (అక్షరాలు, బొమ్మలు విడివిడిగా ఉండే పొరలు) కలిపేసి జేపెగ్ తీశాడు. అలవాటు కొద్దీ పీఎస్‌డీని, అంటే దిద్దుకునే ఫొటోషాప్ ఫైలుని కూడా అలాగే సేవ్ చేసి మూసేశాడు. రాత్రి తొమ్మిదింటికి పెళ్ళికూతురి మేనమామ ఫోను. ‘బాబూ, లావణ్యకి ణ పడాలి, న పడిపోయింది.’ పేరు వెనకాల బంతిపూల దండ. పక్క పూలని కాపీ చేసే క్లోన్ స్టాంపుతో న చెరిపి, దాని మీద ణ టైపు చేసి పంపించాం. స్క్రీన్ మీద ఏమీ తెలియలేదు. పొద్దున్న మండపం గేటుకి కట్టాక ఎండలో చూస్తే ణ వెనక అరచేయంత మేర పూలు అలికేసినట్టున్నాయి. పెళ్ళికూతురి అమ్మగారు ఒక్క మాట అనలేదు. అక్కడే చూస్తూ కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ తిట్టినా బాగుండేది.

ఇకమీద టెక్స్ట్ లేయర్‌ని ఎవరూ ముట్టుకోకూడదని నేనంటున్నాను. రాస్టరైజ్ చేయకుండా, అంటే అక్షరాల్ని బొమ్మ చేయకుండా ప్రెస్సుకి పంపితే మ్యాటరు గల్లంతే అని మా బావమరిది. ఏది సరైనది?

పాలకొండ రోడ్ ఫ్లెక్స్, శ్రీకాకుళం:

ఆ ఫైళ్ళు అందుకునేవాణ్ణి నేను, అందుకని రాస్తున్నాను. మీ బావమరిది చెప్పింది నిజం. పీఎస్‌డీ తెరవగానే ఫాంటు లేదని లేయర్ మీద పసుపు త్రికోణం కనిపిస్తుంది. టెక్స్ట్ మీద క్లిక్ చేసి ముందుకెళ్తే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషయితే అక్షరం రూపు మారుతుంది, అంతే. ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగయితే ఏటీ మిగలదు. కంప్యూటరు లెక్కలో అది తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే గళ్ళలో మన తలకట్లూ వత్తులూ ముక్కలుగా పెట్టి ఉంటాయి. ఆ ఫాంటు లేని మిషన్‌లో పెళ్ళికొడుకు పేరు కామాలూ కొటేషన్లూ అయిపోతుంది. డెలివరీ రేపు పొద్దున్నే అంటారు, ఆ రాత్రి నేనెవరిని లేపి అడగను?

అయితే ఒక తేడా చూడండి. రాస్టరైజ్ వేరు, షేపు చేయడం వేరు. రాస్టరైజ్ చేస్తే ఆ సైజులో ఎన్ని పిక్సెళ్ళుంటే అన్నే. 3 బై 2కి చేసిన డిజైన్ని 12 బై 8కి లాగితే అక్షరం అంచులు పీచు పీచుగా వస్తాయి. కన్వర్ట్ టు షేప్ కొడితే అంచు గీతగానే ఉంటుంది. ఎంత లాగినా పదునుగా ఉంటుంది, ఫాంటూ అక్కర్లేదు. టైపు చేయడం మాత్రం ఇక కుదరదు. అందుకని నాకు పంపేది షేపు చేసిన కాపీ. మీ దగ్గర ఉండాల్సింది ఒరిజినల్. మీ కుర్రాడి తప్పు బొమ్మ చేయడం కాదు, ఒరిజినల్ మీదే సేవ్ కొట్టడం.

కోట జంక్షన్ డిజైనర్, విజయనగరం:

ఒరిజినల్ దాచుకోవడం బాగానే ఉంది. తర్వాత కస్టమరు వచ్చి ‘ఆ ఎడిట్ అయ్యే ఫైలు మాకిచ్చేయండి’ అంటాడు. అప్పుడేం చేస్తారు? నేను ఇవ్వను. ఒకసారి ఇచ్చి చూశాను. సంతాపం బ్యానరు ఫైలు తీసుకెళ్ళి ఫొటో మార్చి, పేరు మార్చి, ఇంకెక్కడో తక్కువ రేటుకి వేయించారు. కింద మా షాపు నంబరు తీయలేదు. అందులో పోయినాయన పుట్టిన సంవత్సరం తప్పు. వాళ్ళ బంధువులు మాకు ఫోన్ చేసి ఏడ్చారు. మేం వేయని బ్యానరుకి మేం క్షమాపణ చెప్పుకున్నాం. అప్పటి నుంచి నా గడప దాటేది జేపెగ్ ఒక్కటే.

సీతంపేట టీచరు:

మీ బాధ అర్థమైంది అన్నయ్యా. కానీ మా బాధా వినండి. సీతంపేట 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయినా మా ప్రింటింగు పనులకి ఇప్పటికీ శ్రీకాకుళమే వస్తాం. మా సవర పిల్లల కోసం 24 గోడ చార్టులు చేయించాను. బొమ్మ, కింద తెలుగు మాట, దాని కింద తెలుగు లిపిలోనే సవర మాట. డిజైను చేసినాయన జేపెగ్‌లే ఇచ్చారు. బడి గోడకి అంటించాక ఒక పెద్దాయన వచ్చి ఒక్కో చార్టూ పైకి చదివించుకున్నాడు. నాలుగో చార్టు దగ్గర ఆగి, ‘ఇక్కడ మీరు సాగదీశారు, మేం సాగదీయం’ అన్నాడు. ఒక్క దీర్ఘం. అలాంటివి మొత్తం ఏడు దొరికాయి. వెళ్ళి అడిగితే ఫైలు లేదు, మళ్ళీ మొదటి నుంచి చేయాలన్నారు. డబ్బు లేక వైట్‌నర్ పూసి పెన్నుతో దిద్దాను. పిల్లలు ఇప్పుడు ఆ తెల్లటి మచ్చల్ని గోటితో గీకుతున్నారు.

గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీకాకుళం జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. సవరల దగ్గర ఆ భాష నేర్చుకుని, వాళ్ళ నోట ఎలా పలికితే అలా రాయాలని ఆయన జీవితమంతా తాపత్రయపడ్డారు. వాళ్ళు తప్పని చెప్పాక దిద్దడానికి కుదరని చార్టు వాళ్ళ ఊరి బడిలో పెట్టడానికి నాకు మనసొప్పదు. డిజైను మీదే, కాదనను. మాటలు మావి.

ఆమదాలవలస నుంచి, జింప్ (ఉచిత ఫొటో ఎడిటర్) వాడుకరి:

టీచరమ్మ చెప్పిన పనికి యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉండే పద్ధతి, ఒక్కటే దారి. అనులో కొట్టిన మ్యాటరు టెక్స్ట్ లేయర్‌గా ఉంచినా పదేళ్ళ తర్వాత ఆ ఫాంటు లేకపోతే చదవలేరు. యూనికోడ్‌లో కొడితే ఫాంటు మారినా దీర్ఘం దీర్ఘంగానే ఉంటుంది. మండలి, రామభద్ర, గిడుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. పాత ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతే అది ఫాంటు లోపం కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర సౌత్ ఏషియన్ ఎంచుకుని, ప్యారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టండి, కలుస్తాయి.

బంగారు రంగు, అంచు గీత, నీడ కోసం రాస్టరైజ్ చేసేస్తారు చాలామంది. అవసరమే లేదు. అవన్నీ లేయర్ స్టైల్‌తో టెక్స్ట్ మీదే వస్తాయి. పర్‌స్పెక్టివ్ కావాలన్నా, ఫిల్టర్ వేయాలన్నా ముందు స్మార్ట్ ఆబ్జెక్ట్ (అసలు లేయర్‌ని లోపల దాచే పెట్టె లాంటిది) చేయండి. డబుల్ క్లిక్ చేస్తే లోపల అక్షరాలు దిద్దుకోవచ్చు. 1998లో ఫొటోషాప్ 5 వచ్చేదాకా టైపు చేసిన అక్షరం వెంటనే పిక్సెళ్ళయిపోయేది. దిద్దే వీలు చేతికొచ్చాక మనమే పారేసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

జింప్‌లో అయితే దాని సొంత ఫైలు రకం ఎక్స్‌సీఎఫ్‌గా దాచండి. టెక్స్ట్ లేయర్‌ని తిప్పినా, దాని మీద బ్రష్ పెట్టినా, తర్వాత అక్షరం దిద్దబోతే ఆ మార్పులు పోతాయని హెచ్చరిస్తుంది. నేను దిద్దడానికి ఒకటి, తిప్పిన కాపీ ఒకటి ఉంచి, మొదటిది కనపడకుండా దాని కన్ను గుర్తు మూసి పెడతాను.

పాలకొండ రోడ్ ఫ్లెక్స్, శ్రీకాకుళం:

యూనికోడ్ మాట చార్టులకి ఒప్పుకుంటాను. ఫ్లెక్సుల దగ్గర ఒప్పుకోను బాబూ. జనం అడిగే లావుపాటి అక్షరాలు అనులో ఉన్నన్ని రకాలు యూనికోడ్‌లో నాకు దొరకలేదు. రోడ్డు మీద బండిలో వెళ్ళేవాడికి వంద అడుగుల నుంచి పేరు కనపడాలి.

కోట జంక్షన్ డిజైనర్, విజయనగరం:

టీచరమ్మా, మీకు ఆ ఫైళ్ళు ఇవ్వాల్సిందే. పెళ్ళిళ్ళకీ సంతాపాలకీ మాత్రం నా మాట మార్చుకోను. కాకపోతే తప్పు మా చేతిలో పడితే, ఎన్నేళ్ళ తర్వాత వచ్చినా డబ్బు తీసుకోకుండా దిద్దిస్తాను. అందుకోసమైనా ఒరిజినల్ దాచాలి, అంతవరకు ఒప్పుకుంటున్నాను.

మూడులాంతర్లు డీటీపీ, విజయనగరం:

ఈ పొద్దున్న నుంచి షాపులో రెండు ఫోల్డర్లు పెట్టాం. ‘దిద్దేది’ ఒకటి, ‘ప్రెస్’ ఒకటి. అను వాడిన లేయర్‌కి ఫాంటు పేరే పేరుగా పెట్టమన్నాను, మ్యాటరు విడిగా యూనికోడ్‌లో కొట్టి అదే ఫోల్డర్లో వేయమన్నాను. కుర్రాడు పని పెరిగిందంటున్నాడు. పెరిగింది, నిజమే. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం బ్యానర్లలో ఏటా మారేది తేదీ ఒక్కటే, పాత జేపెగ్ చూసి ప్రతిసారీ మొత్తం కొడుతున్నది మేమే కదా అని గుర్తుచేశాను.

టీచరమ్మా, ఆ 24 చార్టుల ఫొటోలు, పెద్దాయన దిద్దినవి కనపడేలా పంపండి. మ్యాటరు మండలిలో నేను కొడతాను. అచ్చుకి ముందు ఆయనతో ఇంకోసారి చదివించండి.